ఉప్పలయ్య పుస్తకాల చివరి పేజీలు

భోపాల్‌పట్నం,
9 నవంబరు 2024

పార్వతీ,

నీ వదిన రాస్తోంది. కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడకు. అందరం బాగున్నాం. మీ అన్నయ్య మిరపతోట కాపలాకు వెళ్ళి అక్కడ మంచం మీద నిద్రపోయి వస్తున్నాడు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. స్పీకరు పెట్టకపోతే మీ అన్నయ్య ఊరుకోడు, పెడితే వీధి మొత్తానికీ వినపడుతుంది. ఇది వీధికి చెప్పుకునే సంగతి కాదు.

ఉప్పలయ్య మామ గుర్తున్నాడు కదా. గోదావరి అవతలి నుంచి పడవల మీద డిటెక్టివ్ నవలలు తెప్పించి, బజారులో తన కుట్టు మిషను పక్కన పేర్చి, రెండు రోజుల గడువుతో చదవడానికి ఇచ్చేవాడు. ప్యాంట్లు కుట్టగా మిగిలిన ఖాకీ గుడ్డతో వాటికి అట్టలు కుట్టేవాడు. ఇప్పుడాయనకు ఎనభై నాలుగు. చూపు బాగానే ఉంది, మోకాళ్ళే మాట వినడం లేదు. ఆ నవలలన్నీ ఇన్నాళ్ళూ ట్రంకు పెట్టెల్లో దాచాడట. పాత బస్టాండు పక్కన పంచాయతీ వాళ్ళు ఒక గది ఇస్తామంటే పుస్తకాలన్నీ ఇచ్చేస్తానన్నాడు. బడులన్నీ హిందీవే కావడంతో మన ఊళ్ళో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదని ఆయన బెంగ. ఫిబ్రవరి పదహారున గది తెరుస్తారు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర చిక్కొచ్చింది. మీటింగులో నేను చెయ్యెత్తాను. నాకు అంత సిగ్గు వదిలింది చూడు! ఉప్పలయ్య మామ కుర్చీలోంచే అన్నాడు: "ఎవలకన్నా ఇయ్యండ్రి. ఆమెకు మాత్రం వద్దు. నా పుస్తకాలు చింపిన చెయ్యి అది."

నలభై ఏళ్ళ తర్వాత, అంతమంది ముందు. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఇప్పుడు తాళంచెవి రీచార్జి దుకాణం కమలేష్‌కు ఇద్దామనుకుంటున్నారు. కుర్రాడు మంచివాడే, కానీ తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఆ గదిలో తన జిరాక్సు మిషను పెట్టుకోవచ్చని చూస్తున్నాడు.

ఏడు పుస్తకాలు. ఒక్కోదాంట్లో చివరి రెండు మూడు కాగితాలు లేవు. ఏడూ మనింటికి వచ్చి వెళ్ళినవే. నేను చింపలేదు. నువ్వు ఇప్పటికీ అలాంటి నవలలే చదువుతావు కాబట్టి ఈ కేసు నీకు అప్పగిస్తున్నాను. గది తెరిచేలోపు చింపిన వాళ్ళెవరో తేల్చు. ఆ తాళంచెవి నాకు కావాలి. ఇంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు, మీ అన్నయ్యతో సహా.

నీ వదిన,
బుల్లమ్మ


నగర్‌నార్,
1 డిసెంబరు 2024

డిటెక్టివ్ బుల్లమ్మ గారికి, శిష్యురాలు పార్వతి నమస్కారాలు.

వదినా, నీ ఉత్తరం చదవడానికి నాకు అరగంట పట్టింది. రోజంతా బడిలో పిల్లలకు హిందీ చెబుతాను, స్టాఫ్ రూములో హిందీ, సంతలో హల్బీ. తెలుగు అక్షరం చూసి ఎన్నాళ్ళయిందో! నాకు తెలుగు అక్షరాలు నేర్పింది నువ్వే కదా. పెళ్ళయి చర్ల నుంచి వచ్చిన కొత్తల్లో వంటింటి గచ్చు మీద బొగ్గుముక్కతో అ, ఆ రాసి దిద్దించావు. ఆ తర్వాత బాలశిక్ష ఇవ్వాల్సింది పోయి నేరుగా డిటెక్టివ్ నవల చేతిలో పెట్టావు. 'అమ్మ', 'ఆవు' కన్నా ముందు 'వేలిముద్ర' చదవడం నేర్చుకున్న పిల్లను నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ నవలల్లో రిటైరైన నర్సు ఒకావిడ ఉండేది, గుర్తుందా? నిమ్మకాయలు కోస్తూ, పక్కింటి వాళ్ళ దండెం మీద ఆరేసిన బట్టలు చూసి దొంగ ఎవరో చెప్పేసేది. పిస్తోలు లేదు, పరుగులు లేవు. ఊళ్ళో అందరి సంగతీ తెలియడమే ఆవిడ ఆయుధం. మొదట్లో నువ్వు గట్టిగా చదివేదానివి, నేను చింతగింజలు తీస్తూ వినేదాన్ని. ఇన్‌స్పెక్టరు ఆవిడ ఇంటికొచ్చి కాఫీ తాగి, "మీరేమంటారమ్మా?" అని అడిగేవాడు. మన దగ్గర ఖాకీ చొక్కా కనబడితే ఇంట్లోకెళ్ళి తలుపేసుకునే రోజులు. పోలీసువాడు ఒక ముసలామె మాట కూర్చుని వింటాడన్నది నాకు దొంగతనం కన్నా పెద్ద వింతగా ఉండేది.

ఇప్పటికీ అవే చదువుతున్నాను. మా ఆయన వెక్కిరిస్తాడు, "అన్నీ ఒకటే కదా" అని. ఒకటే కాబట్టే చదువుతాను. ఊరు ముందు చెదురుతుంది, చివరి పేజీకి సర్దుకుంటుంది. మంచివాళ్ళ మీద పడ్డ మాట తుడుచుకుపోతుంది. బయట అలా జరగడం ఎన్నిసార్లు చూశాం?

ఇక కేసు సంగతి. నా అనుమానం ఎలుకల మీద. లేదా అమ్మ పొయ్యి అంటించడానికి చింపి ఉంటుంది. లేదా నాన్న చుట్ట చుట్టుకున్నాడు. ముగ్గురిలో ఎవర్నీ ఇప్పుడు అరెస్టు చేయలేం. వదినా, నిజంగా చెప్తున్నాను, నలభై ఏళ్ళ నాటి సంగతి ఇప్పుడెందుకు తవ్వడం? ఉప్పలయ్య కాక పెద్దవాడైపోయాడు. పోనీలే అనుకో.

అన్నయ్యను స్వెటరు వేసుకోమను.

పార్వతి


భోపాల్‌పట్నం,
20 డిసెంబరు 2024

పార్వతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నర్సు గారి దగ్గర నవ్వాను, చివర్లో నవ్వు రాలేదు. పోనీలే అనుకోమని చెప్పడం సులువే, ఆ మాట పడింది నీ మీద కాదు కదా.

నేనే దర్యాప్తుకు బయలుదేరాను. గిన్నెలో చేపల పులుసు పోసుకుని ఉప్పలయ్య మామ ఇంటికి వెళ్ళాను. నర్సు గారైనా ఉత్తి చేతులతో వెళ్ళేది కాదు. పులుసు వాసనకు ముఖం కాస్త విప్పాడు, నన్ను చూసి మళ్ళీ ముడుచుకున్నాడు.

"ఆ ఏడు పుస్తకాలు ఒక్కసారి చూపెట్టు మామా," అన్నాను.

"చూసుడెందుకు? నీకు ఎరుక లేదా?"

"ఎరుక లేదని కాదు, నీకు ఎరుక చెయ్యాల్నని వచ్చిన. ఎలుకలు కొట్టినయేమో అంటున్నది మా పార్వతి."

"ఏంది, ఎలుకలా? ఎలుక చివరి పేజీ ఏడున్నదో ఎతుక్కొని కొరుకుతదా? అది కూడా ఏడుసార్లు?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. తర్వాత నా మీద కోపం ఉన్న సంగతి గుర్తొచ్చి మానేశాడు. కోడలితో పెట్టె తీయించి పుస్తకం చూపించాడు. కుట్టు దగ్గర కాగితం ఎంత నున్నగా ఊడిందో చూడాలి. "తడి దారం పెట్టి తీసిండ్రు. నేను దర్జీని, దారం పని నాకు తెల్వదా?" అన్నాడు. ఆ మాట అంటూ అట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు. దెబ్బ తగిలిన బిడ్డను నిమిరినట్టు నిమిరాడు. నాకు ఆయన మీదున్న కోపం సగం పోయింది.

ఎవరెవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసిన నోటుబుక్కు కూడా ఉంది. ఏడింటికీ ఆఖరున మన ఇంటి పేరే. కాబట్టి చింపింది మనింట్లో వాళ్ళే. అప్పుడు ఇంట్లో ఐదుగురం. మామయ్య పట్టా కాగితాలు తప్ప మరొకటి ముట్టడు. అత్తయ్యకు చదువు రాదు, పైగా తడి దారం పెట్టి ఓపిగ్గా కూర్చునే మనిషి కాదు. మీ అన్నయ్య మూడో పేజీకి గురకపెడతాడు, చివరి పేజీ దాకా ఏ పుస్తకంలోనూ చేరలేదు. నేను చింపలేదు.

ఇక నువ్వే ఆలోచించి రాయి.

వదిన


నగర్‌నార్,
11 జనవరి 2025

వదినకు,

పరీక్షలు దగ్గరపడ్డాయి, ఊపిరాడటం లేదు. అందుకే ఆలస్యం.

ఈ విషయం ఇంతగా పట్టుకుని కూర్చోవడం నాకు బాగా లేదు. తాళంచెవి కమలేష్ దగ్గరుంటే మాత్రం ఏమవుతుంది? వెళ్ళి చదువుకుని రావచ్చు కదా. నీకు పుస్తకాలే కావాలంటే చెప్పు, హైదరాబాదు నుంచి పది కొత్తవి తెప్పించి పంపుతాను. వాటిలో అన్ని పేజీలూ ఉంటాయి.

అందరినీ అడిగానని చెప్పు.

పార్వతి


భోపాల్‌పట్నం,
19 జనవరి 2025

పార్వతీ,

పుస్తకాలు పంపకు. పంపితే అదే బస్సులో తిప్పి పంపిస్తాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నువ్వు జగ్దల్‌పూర్ హాస్టలుకు వెళ్ళాక ఈ ఇంట్లోకి పుస్తకం రాలేదు. కోడలికి చదువుంటే ఇంటి పరువు ఇలాగే పోతుందని అత్తయ్య అందరికీ చెప్పింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం నా చేతుల వైపు చూసేవారు. కిరాణా కొట్టు నుంచి బెల్లం కట్టి తెచ్చిన కాగితం విప్పి, పొయ్యి దగ్గర నిలబడి చదువుకునేదాన్ని. సగం వార్త, సగం ప్రకటన. దేనికీ మొదలు ఉండదు, చివర ఉండదు. అత్తయ్య పోయాక నన్ను ఆపేవాళ్ళు లేరు. అప్పటికి అడిగి తెచ్చుకునే ధైర్యమే పోయింది.

నాకు చదువుకోవడానికి పుస్తకాలు కావాలని కాదు. ఆ గది తలుపు నా చేత్తో తీయాలి. మధ్యాహ్నం పని అయిపోయిన ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే గట్టిగా చదివి వినిపించాలి, నీకు వినిపించినట్టు. కమలేష్ దగ్గర తాళంచెవి ఉండి నేను వెళ్ళి ఒక మూల కూర్చుంటే, ఆ గదిలో కూడా నేను చింపినదాన్నే.

ఇంకా నెల కూడా లేదు.

బుల్లమ్మ


నగర్‌నార్,
2 ఫిబ్రవరి 2025

వదినా,

నేనే చింపాను.

ఈ ఒక్క ముక్క రాయడానికి పది రోజులుగా నాలుగు కాగితాలు పాడు చేశాను. నీకు ముందే అర్థమై ఉంటుంది. ఐదుగురిలో నలుగురిని కొట్టేసి నా దగ్గర ఆగావు. నేను సిగ్గు లేకుండా పుస్తకాలు పంపిస్తానన్నాను.

ఎందుకు చింపానో విను. నాకు చదవడం వచ్చేసిందని నువ్వు గట్టిగా చదివి వినిపించడం మానేశాక, రెండు రోజుల గడువులో మొదటి రోజు నువ్వు చదివేసేదానివి, రెండో రోజు నాకిచ్చేదానివి. మా పార్వతి నెల రోజుల్లో తెలుగు నేర్చేసుకుంది, నవల ఒక్క రోజులో నమిలేస్తుంది అని అందరికీ చెప్పుకునేదానివి. నేను నమలలేదు వదినా. బడిలో హిందీ, ఇంట్లో మాత్రమే తెలుగు. ఒత్తులు వస్తే ఆగిపోయేదాన్ని, 'క్ష' వస్తే గుటకలు మింగేదాన్ని. సాయంత్రానికి ఎప్పుడూ చివరి పేజీలు మిగిలిపోయేవి. దొంగ ఎవరో తెలియకుండా పుస్తకం వెళ్ళిపోయేది. నిన్ను అడిగితే నాకు చదవడం సరిగ్గా రాదని నీకు తెలిసిపోతుంది. నీ కళ్ళలో ఆ గొప్ప పోగొట్టుకోలేకపోయాను. తడి దారం ఉపాయం కూడా ఒక నవలలోదే. మిగిలిన పేజీలు తీసి దాచుకుని, తీరుబడిగా వారం రోజులు కూడబలుక్కుని చదువుకున్నాను. మళ్ళీ అంటించి పెట్టేద్దామనే అనుకున్నాను, అప్పటికి గొడవైపోయింది. ఉప్పలయ్య కాక మన గుమ్మంలోకి వచ్చి అరుస్తుంటే, అమ్మ నీ జుట్టు పట్టుకుంటే, నేను గుంజను పట్టుకుని నిలబడ్డాను. చింపింది నేనేనని చెప్పలేదు.

అవి బీడీల కోసం తునికాకు కోసే రోజులు కదా. నేను కట్టిన మూడు కట్టల్లో, పైన ఆకు, కింద ఆకు, మధ్యలో ఆ కాగితాలు పెట్టి కట్టేశాను. మర్నాడు కట్టలు ఆకు కొనే కల్లానికి వెళ్ళిపోయాయి. ఆకులతో పాటే గోదాముకు పోయి ఉంటాయి. జూన్‌లో నేను హాస్టలుకు వెళ్ళాను. టీచరునయ్యాను. పిల్లలకు పరీక్షలో కాపీ కొడితే తప్పని చెబుతుంటాను. ప్రతిసారీ నువ్వు గుర్తొచ్చావు. ప్రతిసారీ వేరే ఏదో ఆలోచించాను.

ఉప్పలయ్య కాకకు వేరే ఉత్తరం రాసి ఇదే కవరులో పెడుతున్నాను. గది తెరిచే రోజున అందరి ముందు చదివించు. మాట పడింది అందరి ముందే కదా. నా పేరు, బడి పేరు, అన్నీ రాశాను. నన్ను క్షమించమని నిన్ను అడిగే మొహం నాకు లేదు. తాళంచెవి మాత్రం నీకు దక్కాలి.

పార్వతి


భోపాల్‌పట్నం,
4 మార్చి 2025

పార్వతీ,

అనుకున్నట్టే పదహారున గది తెరిచారు, నీకు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. నీ ఉత్తరం నేను చదవలేదు. ఉప్పలయ్య మామ మనవరాలు స్రవంతికి ఇచ్చాను. అదీ హిందీ బడి పిల్లే. లేచి నిలబడి, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడదీసుకుంటూ చదివింది. 'క్షమించండి' దగ్గర ఆగిపోయి తాత వైపు చూసింది. నీ రెండు పేజీలకు పావుగంట పట్టింది. ఆ పిల్ల చదివే తీరే నీ సంగతి అందరికీ చెప్పేసింది.

ఉప్పలయ్య మామ స్రవంతి చేతిలోంచి ఆ ఉత్తరం తీసుకున్నాడు. "చదువరాక చింపిందా ఆ పిల్ల? నాతోని ఒక్క మాట చెప్తే పది దినాలు ఉంచుకొమ్మనకపోదునా!" అన్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి నా వైపు చాపాడు. "పట్టు బుల్లమ్మా. తప్పైంది."

పట్టుకోవడానికి చెయ్యి చాపాను పార్వతీ. అందుకోలేకపోయాను. నా దగ్గరా ఒకటి ఉంది. నీకు కూడా తెలియదు.

నీ కాగితాలు గోదాముకు పోలేదు. కల్లానికి మోసుకెళ్ళేటప్పుడు నా బుట్టలో మూడు కట్టలు గరగరమన్నాయి. పచ్చి తునికాకు కట్ట మెత్తగా ఉంటుంది, అలా చప్పుడు చేయదు. నారతో మూడు చుట్లు చుట్టేది మనింట్లో నువ్వొక్కదానివే. దారిలోనే వాటిని విప్పాను. అంటే ఆ రోజు నుంచీ నాకు తెలుసు. అదే వారం హాస్టలు ఫారం మీద మామయ్య సంతకం పెట్టాలి. ఆడపిల్లను జగ్దల్‌పూర్ పంపడం అత్తయ్యకు ముందే ఇష్టం లేదు. దొంగతనం బయటపడితే ఆ ఫారం చించేసేది. కోడలిని ఏమన్నా ఇంట్లోనే ఉంటుంది, నువ్వు మాత్రం మళ్ళీ బడి ముఖం చూసేదానివి కాదు. కాగితాలు చీరకుచ్చిళ్ళలో దాచి ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టేశాను.

ఇదంతా మామకు అందరి ముందు చెప్పాను. "నీ పేజీలు చింపింది నేను కాదు మామా, కాల్చింది నేనే. మళ్ళీ అతికించుకునే దారి లేకుండా చేసిన," అన్నాను. కమలేష్ గొంతు సవరించుకున్నాడు. తాళంచెవి పోయిందనే అనుకున్నాను.

"చదివి కాల్చినవా, చదవక కాల్చినవా?" అని అడిగాడు మామ.

"ఆరు కథలు నేను ముందే చదివిన. చివర్లు గుర్తున్నయి. ఏడోదే చదవలేదు."

"అయితే ఆరూ రాసి ఇయ్యి. మిషను మీద నేనే కుడత. ఏడోది ఆ పిల్లతోని రాయించు." అంటూ నా అరచేతిలో తాళంచెవి పెట్టి, వేళ్ళు తనే మూశాడు. నేను ఏడ్చాను. మీ అన్నయ్య కూడా కళ్ళు తుడుచుకున్నాడు, మిరపకాయల ఘాటు అన్నాడు.

ఇక నీకూ నాకూ మధ్య సంగతి. నాకు తెలిసి కూడా నిన్ను దర్యాప్తు చేయమన్నానని నీకు కోపం రావచ్చు. నీ అంతట నువ్వు చెబితే వినాలని ఉండింది. నలభై ఏళ్ళు ఎదురుచూశాను. ప్రతి వేసవికీ నువ్వు వచ్చినప్పుడు ఈసారి చెబుతుందేమో అనుకునేదాన్ని. నువ్వు చీరలు తెచ్చేదానివి. నాకు నీ మీద కోపం లేదని అబద్ధం రాయను. ఉంది. నువ్వు టీచరువయ్యావని విన్న రోజున ఊరంతా చెప్పుకున్నాను, ఆ రోజూ ఉంది. రెండూ కలిసే ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టేదాకా ఇది తగ్గదు.

బడికి సెలవులివ్వగానే రా. ఆరు పుస్తకాలకు చివర్లు రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు పదకొండుమంది ఆడవాళ్ళు వస్తున్నారు. గంగే అనే ఆమె కూడా వస్తోంది, ఇంట్లో దోర్లీ మాట్లాడుతుంది, అయినా నర్సు గారి కథ అంటే చెవి కోసుకుంటుంది. ఏడో పుస్తకం దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. పోస్టుమాస్టరు భార్య ముక్కుపుడక పోయిన కథ. ఆ వారం అడవి నుంచి వచ్చేసరికి ఒళ్ళు హూనమై, మొదటి రోజు చదవలేక సగంలో నీకిచ్చేశాను. ఆ పేజీలు నా చేతికి వచ్చినప్పుడు చదువుదామనే అనుకున్నాను. అత్తయ్య గడపలోకి వచ్చేసింది. చూడకుండానే పొయ్యిలో పెట్టాను.

ఆ ముక్కుపుడక ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఉత్తరంలో రాయకు. వచ్చి చెప్పు.

నీ వదిన,
బుల్లమ్మ